చివరి రాయి: ఈవ్ మ్యూర్‌హెడ్ క్రీడాజీవితం

శీతాకాల ఒలింపిక్స్‌లో కర్లింగ్ అనే ఆట ఒకటి ఉన్నదనీ, అందులో క్రీడాకారులు మంచు పరిచిన నేలమీద ఇరవై కిలోలకు కాస్త తక్కువ బరువుండే గ్రానైట్ రాయిని జార్చి, దూరాన గీసిన వలయంలో నిలపడానికి పోటీపడతారనీ దక్షిణ తెలంగాణలో ఎరిగినవారు తక్కువే. అయితే ఆ ఆటకు ఆధారమైన వస్తువు మాత్రం నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలకు పరాయిది కాదు. భువనగిరి ఖిల్లాను మోస్తున్న ఏకశిల మొదలు రాచకొండ గుట్టల దాకా, దేవరకొండ కోటగోడలు మొదలు కృష్ణాతీరాన ముడుమాల్‌లో మహాశిలాయుగపు మనుషులు పాతిన నిలువురాళ్ల దాకా, ఈ మెట్టప్రాంతపు చరిత్ర అంతా రాతితోనే ముడిపడి ఉన్నది. ఇక్కడ రాయి కొరత ఎన్నడూ లేదు, మంచు జాడ ఎన్నడూ లేదు. అందువల్ల కర్లింగ్ క్రీడాకారుల జీవితాన్ని తెలుసుకోవాలంటే స్కాట్లండ్ దాకా వెళ్లక తప్పదు. ఈ ప్రసంగానికి విషయమైన ఈవ్ మ్యూర్‌హెడ్ ఆ దేశానికి చెందిన క్రీడాకారిణి; 2010 నుంచి 2022 వరకు వరుసగా నాలుగు శీతాకాల ఒలింపిక్స్‌లో బ్రిటన్ మహిళా జట్టుకు నాయకత్వం వహించి, మూడవసారి పతకం చేజార్చుకొని, నాలుగవసారి స్వర్ణం గెలిచిన వ్యక్తి.

ఆమె జీవితంలోకి వెళ్లేముందు రాయి సంగతి కొంత చెప్పుకోవాలి. దక్షిణ తెలంగాణ శిలలు భూగర్భశాస్త్రంలో ధార్వార్ క్రేటన్ అని పిలిచే భూభాగానికి, అంటే అతి ప్రాచీనకాలంలోనే గట్టిపడి ఆ తరువాత పెద్ద మార్పులకు లోనుకాని ఖండభాగానికి చెందినవి; వాటిలో చాలావాటి వయసు 250 కోట్ల సంవత్సరాలకు అటూ ఇటూగా ఉంటుంది. కర్లింగ్ రాళ్లకు పేరుపొందిన శిల వీటి ముందు పసిబిడ్డ వంటిది. స్కాట్లండ్ పడమటి తీరంలో, క్లైడ్ నది కలిసే సముద్రపాయలో, 338 మీటర్ల ఎత్తుకు లేచిన ఎయిల్సా క్రెయిగ్ అనే నిర్జనద్వీపం సుమారు 6 కోట్ల ఏళ్ల కిందట అగ్నిపర్వత గర్భంలోని శిలాద్రవం చల్లబడి ఏర్పడింది. అక్కడి శిలను మైక్రోగ్రానైట్ అంటారు. అంటే కణాలు కంటికి విడివిడిగా కనిపించనంత సన్నగా అల్లుకుపోయిన గ్రానైట్. నల్లగొండ గుట్టల గ్రానైట్‌లో గులాబీ, బూడిద, తెలుపు రంగుల పలుకులు విడివిడిగా కనిపిస్తాయి కాబట్టి అది స్తంభాలకూ గడపలకూ ఎంత శ్రేష్ఠమైనదైనా, మంచుమీద ఏళ్ల తరబడి జారవలసిన రాతి అడుగుకు అంతగా తగదు. రాతి సందుల్లోకి నీరు చేరి గడ్డకడితే అది ఉబ్బి రాతిని పెచ్చులుగా ఊడదీస్తుంది. ఎయిల్సా క్రెయిగ్‌లో దొరికే బ్లూ హోన్ అనే రకం నీటిని దాదాపుగా పీల్చుకోదు. అందుకే మంచుకు తగిలే అడుగుభాగాన్ని బ్లూ హోన్‌తోనూ, దెబ్బలను ఓర్చుకోవలసిన ఒళ్లును కామన్ గ్రీన్ అనే మరో రకంతోనూ చేస్తారు. మాక్లిన్ అనే ఊళ్లో 1851 నుంచి ఈ పని చేస్తున్న కేస్ అనే సంస్థ ఒలింపిక్స్‌కు రాళ్లు సమకూరుస్తున్నది. ఆ ద్వీపం సముద్రపక్షుల రక్షితకేంద్రం కావడం వల్ల అక్కడ మందుపాతరలు పేల్చరు; ఎన్నో ఏళ్లకు ఒకసారి, 2002లోనూ 2013లోనూ చేసినట్లుగా, విడివడి ఉన్న బండలను మాత్రం పడవల్లో తెచ్చుకుంటారు. క్వారీలు గుట్టలకు గుట్టలనే మింగుతున్న ప్రాంతంలో ఉన్నవారు ఈ సంగతి దగ్గర కాసేపు ఆగి ఆలోచించవచ్చు.

ఇక ఆట. కర్లింగ్ ఆడే మంచుపట్టీని షీట్ అంటారు. దాని పొడవు 45.72 మీటర్లు, వెడల్పు 5 మీటర్లకు మించదు. ఆటకు ముందు ఆ మంచుమీద సన్నని నీటితుంపరలు చల్లితే అవి చిన్న చిన్న బొడిపెలుగా గడ్డకడతాయి. రాతి అడుగున ఉన్న సన్నని వలయం మాత్రమే ఆ బొడిపెలను తాకుతుంది కాబట్టి రాపిడి బాగా తగ్గుతుంది. పట్టీ చివర 3.66 మీటర్ల వ్యాసంతో గీసిన వలయాల సముదాయానికి హౌస్ అని పేరు. ప్రతి జట్టులో నలుగురు ఉంటారు, ఒక్కొక్కరు రెండేసి రాళ్లు వేస్తారు, రెండు జట్లవీ కలిపి 16 రాళ్లు పడితే ఒక ఎండ్ అంటే ఒక విడత పూర్తవుతుంది, పది విడతలకు ఆట ముగుస్తుంది. హౌస్ కేంద్రానికి అన్నిటికన్నా దగ్గరగా ఏ జట్టు రాయి ఉంటే ఆ జట్టుకే పాయింట్లు వస్తాయి. ప్రత్యర్థి రాళ్లలో మేలైన దానికన్నా లోపల తనవి ఎన్ని ఉంటే అన్ని పాయింట్లు, రెండవ జట్టుకు సున్నా. మేళ్లచెరువు శివరాత్రి జాతరలో జరిగే బండలాగుడు పోటీల్లో ఎడ్లజతలు నేల రాపిడిని బలంతో గెలవవలసి ఉండగా, కర్లింగ్‌లో రాపిడి దాదాపుగా లేని చోట రాయిని అనుకున్న బిందువు దగ్గర ఆపడమే విద్య.

రాయిని వదిలేటప్పుడు పిడిని కొద్దిగా తిప్పుతారు. ఆ తిరుగుడు వల్ల రాయి నేరుగా పోక, వేగం తగ్గేకొద్దీ ఒక పక్కకు వంపు తిరుగుతుంది. ఎదుట అడ్డుగా నిలిచిన రాళ్లను చుట్టుకొనిపోయి వాటి వెనుక దాగడం ఈ వంపు వల్లనే సాధ్యమవుతుంది, ఆ వంపు ఆ దిశలోనే ఎందుకు వస్తుందన్న విషయంలో భౌతికశాస్త్రవేత్తల మధ్య నేటికీ ఏకాభిప్రాయం లేదు. రాయి చేయి విడిచాక దాన్ని తాకరాదు. కానీ ఇద్దరు జతగాళ్లు బ్రష్షులతో దానిముందు మంచును బలంగా రుద్దుతూ పరుగెత్తవచ్చు. దీన్ని స్వీపింగ్ అంటారు. రుద్దినచోట మంచు కొద్దిగా వెచ్చబడి రాయి మరికొన్ని మీటర్లు సాగుతుంది, వంపు కూడా తగ్గుతుంది. బయటివారికి వాకిలి ఊడ్చినట్లు కనిపించి నవ్వు తెప్పించే ఈ పని నిజానికి గుండెవేగాన్ని పరుగుపందెపు స్థాయికి తీసుకుపోయే శ్రమ. బ్రష్షుకు వాడే గుడ్డ మార్చి రాతి దారిని అమితంగా మళ్లించవచ్చని 2015లో తేలడంతో పెద్ద వివాదమే చెలరేగి, ప్రపంచసమాఖ్య ఆ గుడ్డ నాణ్యతను శాసించవలసి వచ్చింది.

జట్టు నాయకురాలిని స్కిప్ అంటారు. ఆమె హౌస్ దగ్గర నిలబడి, ఏ రాయి ఎక్కడికి రావాలో, ఎంత వేగంతో, ఏ తిరుగుడుతో రావాలో బ్రష్షు ఆనవాలుగా పట్టి చూపిస్తుంది. సాధారణంగా చివరి రెండు రాళ్లు తానే వేస్తుంది. విడతలో ఆఖరి రాయి వేసే హక్కును హ్యామర్ అంటారు. పాయింటు పొందిన జట్టు తరువాతి విడతలో ఆ హక్కును ఎదుటివారికి వదులుకోవాలి. ఎవరికీ పాయింటు రాకుంటే అది ఉన్నవారి దగ్గరే ఉంటుంది. అందుచేత ఒక్క పాయింటు తీసుకోవడం కన్నా ఏమీ తీసుకోకుండా విడతను ఖాళీగా పోనివ్వడమే మేలని స్కిప్ కావాలని తన రాయిని హౌస్ దాటించిన సందర్భాలు ప్రతి పోటీలోనూ కనిపిస్తాయి. పది విడతల ఆటలో ఒక జట్టు ఆలోచనకు దక్కేది 38 నిమిషాలే.

ఈవ్ మ్యూర్‌హెడ్ 1990 ఏప్రిల్‌లో స్కాట్లండ్‌లోని పెర్త్ నగరంలో జన్మించి, కొండల నడుమ ఉన్న బ్లెయిర్ ఆథల్ అనే ఊరి దగ్గర పెరిగింది. తండ్రి గోర్డన్ మ్యూర్‌హెడ్ గొర్రెల పెంపకందారు. ప్రపంచపోటీల్లో పతకాలు గెలిచిన కర్లింగ్ క్రీడాకారుడు కూడా. గొర్రెల మందలకూ గొంగళ్ల నేతకూ పేరుపడిన పాలమూరులో గొర్రెలకాపరి బిడ్డ ఒలింపిక్ విజేత అయిందంటే ఆశ్చర్యపోవచ్చుగాని, స్కాట్లండ్ పల్లెసీమలో అది అంత అసహజం కాదు. అక్కడ ఈ ఆట మొదటినుంచీ రైతులదే. చలికాలంలో పొలంపని సన్నగిల్లినప్పుడు గడ్డకట్టిన చెరువులమీద ఆడిన ఈ ఆటకు 16వ శతాబ్ది నాటి ఆనవాళ్లున్నాయి. 1511 అని చెక్కిన రాయి ఒకటి స్టిర్లింగ్‌లో భద్రంగా ఉన్నది. నియమాలను ఏకరూపం చేసిన సంఘం 1838లో ఏర్పడింది. వలసపోయిన స్కాట్లు దీన్ని కెనడాకు తీసుకుపోయి 1807లోనే మాంట్రియల్‌లో క్లబ్బు పెట్టుకోగా, నేడు ఆటగాళ్ల సంఖ్యలో కెనడా మాతృదేశాన్ని ఎన్నో రెట్లు మించిపోయింది. ఒలింపిక్స్‌లో మాత్రం కర్లింగ్ స్థిరంగా చోటు సంపాదించుకున్నది 1998 నాగానో క్రీడల నుంచే.

ఈవ్ సోదరులు గ్లెన్, థామస్ కూడా ఇదే ఆటలో ఒలింపిక్స్‌కు వెళ్లినవారు. ఆమె బ్యాగ్‌పైప్ వాద్యంలోనూ గోల్ఫ్‌లోనూ పోటీస్థాయి నైపుణ్యం సంపాదించింది. గోల్ఫ్ కోసం అమెరికా విశ్వవిద్యాలయాల నుంచి వచ్చిన ఉపకారవేతనాన్ని కాదని కర్లింగ్‌ను ఎంచుకుంది. ఆమెకు 11 ఏళ్ల వయసులో, 2002 సాల్ట్‌లేక్ సిటీ ఒలింపిక్స్ ఫైనల్‌లో స్కాట్లండ్ గృహిణి రోనా మార్టిన్ ఆఖరి రాయితో స్విట్జర్లండ్‌ను 4-3తో ఓడించి బ్రిటన్‌కు స్వర్ణం తెచ్చింది. ఆ ఒక్క రాయి కర్లింగ్‌ను బ్రిటన్‌లో ఇంటింటి మాటగా మార్చిందన్నది నిజమే. దానితోపాటు మరో అలవాటు కూడా స్థిరపడింది: ఆటనంతా చివరి రాయితో కొలవడం. మ్యూర్‌హెడ్ జీవితం మీద ఆ కొలబద్ద పడినంత బరువుగా మరెవరిమీదా పడలేదు.

బాలికల స్థాయిలో ఆమెకు ఎదురులేదు. 2007, 2008, 2009, 2011 సంవత్సరాల్లో ప్రపంచ జూనియర్ విజేతగా నిలిచింది. ఈ నడుమనే 2010లో, 19 ఏళ్ల వయసులో, వాంకూవర్ ఒలింపిక్స్‌లో తనకన్నా పెద్దవాళ్లు ఉన్న జట్టుకు స్కిప్‌గా వెళ్లింది; జట్టు ఏడవ స్థానంతో సరిపెట్టుకుంది. 2013లో లాత్వియా రాజధాని రీగాలో స్వీడన్‌ను 6-5తో ఓడించి, 22 ఏళ్లకే ప్రపంచ విజేత జట్టుకు నాయకురాలైంది. మరుసటి ఏడు సోచీ ఒలింపిక్స్‌లో అమెరికాతో ఆడుతూ ఒకే విడతలో 7 పాయింట్లు రాబట్టి ఆ ఆటను 12-3తో గెలిచింది. సెమీఫైనల్‌లో కెనడా చేతిలో ఓడినా, కాంస్యం కోసం స్విట్జర్లండ్‌తో జరిగిన పోరులో ఆఖరి రాయిని హౌస్‌లోకి సరిగ్గా తెచ్చి 6-5తో పతకం దక్కించుకుంది. పత్రికలు ఆమె నిబ్బరాన్ని కొనియాడాయి.

నాలుగేళ్ల తరువాత దక్షిణ కొరియాలోని ప్యాంగ్‌చాంగ్‌లో అదే కాంస్యపు ఆట, ప్రత్యర్థి జపాన్. పదవ విడతకు వచ్చేసరికి జపాన్ 4-3తో ముందున్నది, హ్యామర్ మ్యూర్‌హెడ్ చేతిలో ఉన్నది. ఆమె ముందు రెండు మార్గాలు ఉన్నాయి: ఒక్క పాయింటు తీసుకొని ఆటను సమం చేసి అదనపు విడతకు పోవడం, లేదా కష్టమైన దెబ్బతో రెండు పాయింట్లు సాధించి అక్కడికక్కడే గెలవడం. ఆమె రెండవదాన్ని ఎంచుకుంది. రాళ్లు అనుకున్న తీరున చెదరక, జపాన్ రాయే కేంద్రానికి చేరువై నిలవడంతో ఆట 5-3తో ముగిసింది. అంతిమక్షణంలో తడబడిన నాయకురాలిగా ఆమెను చిత్రించినవారు చాలామందే. అయితే ఆట లెక్క తెలిసినవారు ఆ నిర్ణయాన్ని తేలికగా తప్పుపట్టలేరు, ఎందుకంటే ఒక్క పాయింటుతో సమం చేసి ఉంటే నియమం ప్రకారం అదనపు విడతలో హ్యామర్ జపాన్‌కు దక్కేది, సమఉజ్జీల నడుమ ఆఖరి విడతలో హ్యామర్ ఉన్నవారే ఎక్కువసార్లు గెలుస్తారు. సోచీలో రాయి ఆగినప్పుడు గొప్పదైన తెగువ, ప్యాంగ్‌చాంగ్‌లో ఆగనప్పుడు తొందరపాటు ఎలా అయింది? ఫలితాన్ని చూసి నిర్ణయాన్ని తూచడం ప్రేక్షకులకు సహజమే గాని, స్కిప్‌ను ఆ తక్కెడలో తూచడం న్యాయం కాదు. ప్రశ్నించవలసినదంటూ ఉంటే, మూడు పాయింట్లతో పదవ విడతదాకా జట్టు ఎందుకు రావలసివచ్చిందన్నది ప్రశ్న. ముఖ్యంగా తొమ్మిదవ విడతలో హ్యామర్ లేని జపాన్‌కు పాయింటు ఎలా పోయిందన్నది. చివరి రాయి కష్టమైనదిగా మారడానికి కారణాలు ఎప్పుడూ అంతకుముందు రాళ్లలోనే ఉంటాయి.

ఆ ఏడాదే ఆమె తుంటికి శస్త్రచికిత్స జరిగింది. కర్లింగ్‌లో రాయి వేసే భంగిమ చూడటానికి సొగసుగా ఉంటుంది: హ్యాక్ అనే రబ్బరు ఆనిక మీద కాలు ఆన్చి తన్నుకొని, మరో కాలిని మడిచి దాదాపు నేలకు ఆనేంతగా కిందికి జారుతూ, హాగ్ లైన్ అనే గీత దాటకముందే రాయిని వదలాలి. బాల్యం నుంచి ఏటా వేలసార్లు ఇదే భంగిమలో జారిన శరీరంలో తుంటికీలు అరిగిపోవడం వింత కాదు. తరువాతి కాలం కుదురుగా సాగలేదు. జట్టు సభ్యులు మారారు, మహమ్మారి వల్ల పోటీలు ఆగిపోయాయి. 2021లో కెనడాలోని కాల్గరీలో జరిగిన ప్రపంచపోటీలో మొదటి ఆరు స్థానాలకు ఒలింపిక్ అర్హత ఉండగా ఆమె జట్టు ఎనిమిదవ స్థానంలో నిలిచింది. దాంతో బ్రిటిష్ కర్లింగ్ సంస్థ జట్టును రద్దుచేసి, పెద్ద బృందంలోని క్రీడాకారిణులను మార్చి మార్చి ఆడించి ఐదుగురిని ఎంపిక చేసే పద్ధతి తెచ్చింది. మూడు ఒలింపిక్స్ ఆడిన నాయకురాలికి కూడా స్థానం ఖాయం కాని ఆ ఏర్పాటును ఆమె అంగీకరించడం ఆమె జీవితంలో పతకాలకన్నా తక్కువ విషయం కాదు.

ఎంపికైన జట్టులో ఆమెతోపాటు విక్కీ రైట్, జెన్నిఫర్ డాడ్స్, హేలీ డఫ్, మిలీ స్మిత్ ఉన్నారు. వీరిలో విక్కీ రైట్ వృత్తిరీత్యా నర్సు. మహమ్మారి ముమ్మరంగా ఉన్న రోజుల్లో ఆటను పక్కనపెట్టి ఆసుపత్రి వార్డుకు తిరిగి వెళ్లి పనిచేసిన మనిషి. ఈ ఆటలో లాటరీ నిధుల నుంచి ప్రభుత్వం ఇచ్చే ఆసరా తప్ప క్రికెట్ వంటి రాబడి లేదు కాబట్టి, ఉద్యోగమో వ్యవసాయమో చదువో పక్కన లేకుండా కర్లింగ్ జీవితం నడవడం అరుదు. ఈ జట్టు 2021 నవంబరులో నార్వేలోని లిల్లెహామర్‌లో ఐరోపా స్వర్ణం గెలిచి, డిసెంబరులో నెదర్లాండ్స్‌లోని లేవార్డెన్‌లో జరిగిన చివరి అర్హతపోటీ ద్వారా ఒలింపిక్స్‌లో ప్రవేశించింది.

2022 ఫిబ్రవరిలో బీజింగ్‌లో మొదటి దశ ముగిసేసరికి బ్రిటన్, జపాన్, కెనడా ఐదేసి గెలుపులతో సమంగా నిలిచాయి. మూడింటిలో రెండింటికే సెమీఫైనల్ చోటు ఉన్నది. ప్రతి ఆటకు ముందు హ్యామర్ ఎవరిదో తేల్చడానికి వేసే రాళ్లు కేంద్రానికి ఎంత దూరాన ఆగాయో సెంటీమీటర్లలో కొలిచి ఉంచుతారు. ఆ సగటు ఆధారంగా కెనడా నిష్క్రమించింది. ఎవరూ పట్టించుకోని ఆ ముందస్తు రాళ్లే బ్రిటన్‌ను పోటీలో నిలిపాయి. సెమీఫైనల్‌లో స్వీడన్‌కు మొదటి విడతలోనే 4 పాయింట్లు ఇచ్చుకున్నా, కోలుకొని అదనపు విడతలో 12-11తో గెలిచింది. ఫిబ్రవరి 20న జరిగిన ఫైనల్‌లో ప్రత్యర్థి మళ్లీ జపానే; స్కిప్ ప్యాంగ్‌చాంగ్‌లో ఎదురైన సత్సుకి ఫుజిసావానే. బ్రిటన్ మొదటి విడతలో 2 పాయింట్లు తీసుకొని, తరువాత తొందరపడకుండా ఆధిక్యాన్ని కాపాడుకుంటూ వచ్చి, ఏడవ విడతలో 4 పాయింట్లు సాధించింది. తొమ్మిదవ విడత ముగిసి 10-3 అయ్యాక జపాన్ క్రీడాకారిణులు చేయి కలిపి ఓటమిని ఒప్పుకున్నారు. గెలిచే వీలు లేనప్పుడు ఆటను సాగదీయక ముగించడం కర్లింగ్‌లో మర్యాద. తన బ్రష్షు పొరపాటున రాయికి తగిలితే ఆ సంగతి తానే చెప్పడం కూడా అటువంటి మర్యాదే. బ్రిటన్‌కు ఆ క్రీడల్లో దక్కిన ఏకైక స్వర్ణం అది. మ్యూర్‌హెడ్ జీవితంలో అన్నిటికన్నా పెద్ద గెలుపులో పదవ విడత చివరి రాయి వేయవలసిన అవసరమే రాలేదు; స్కిప్ పనితనం పరాకాష్ఠకు చేరడమంటే ఇదేనని చెప్పవచ్చు.

ఆ ఏప్రిల్‌లోనే ఆమె బాబీ లామీతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్‌లో, అంటే ఒక స్త్రీ, ఒక పురుషుడు జట్టుగా ఆడే పొట్టి రూపంలో, ప్రపంచ విజేత అయింది. ఆగస్టులో 32 ఏళ్ల వయసులో ఆటనుంచి విరమించింది.

భారతదేశంలో ఈ ఆట వేళ్లూనడానికి వేసవి ఎండలు మాత్రమే అడ్డంకి అనుకోవడం సరికాదు. లోపలి వేడిని అదుపుచేసే మందిరాలు ఎక్కడైనా కట్టవచ్చు. 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడలకోసం డెహ్రాడూన్‌లో కట్టిన మంచుమైదానం అందుకు ఉదాహరణ. కానీ స్కేటింగుకు పనికివచ్చే మంచు కర్లింగ్‌కు చాలదు. దీనికి మిల్లీమీటర్ల తేడా లేని చదును, ఖనిజాలు తీసేసిన నీరు, గాలిలో తేమను తగ్గించే యంత్రాలు, ప్రతి ఆటకు ముందు తుంపర చల్లే నేర్పరి కావాలి. స్కాట్లండ్‌లో చిన్న పట్టణాల్లో కూడా ఇటువంటి మందిరాలు ఉండటం, వాటిలో తాతలూ మనుమలూ ఒకే పట్టీమీద ఆడటం వల్లనే గొర్రెలకాపరి ఇంటినుంచి ముగ్గురు ఒలింపిక్స్‌కు చేరగలిగారు. 2017లో స్టిర్లింగ్‌లో ఏర్పడిన జాతీయ శిక్షణకేంద్రం ఆ పునాది మీద లేచినదే.

మ్యూర్‌హెడ్‌ను ఆ తరువాత 2026 మిలాన్–కోర్తినా ఒలింపిక్స్‌కు వెళ్లే బ్రిటన్ బృందమంతటికీ షెఫ్ ద మిషన్‌గా, అంటే అన్ని ఆటల క్రీడాకారుల బాధ్యతను మోసే ప్రధానాధికారిగా నియమించారు. స్కీయింగ్ వారికీ స్కేటింగ్ వారికీ బస, ప్రయాణం, క్రమశిక్షణ, వైద్యం వంటి విషయాల్లో చివరి మాట చెప్పవలసిన పదవి అది. ఆ క్రీడల్లో కర్లింగ్ పోటీలకు వేదిక 1956 ఒలింపిక్స్ కోసం కోర్తినాలో కట్టిన పాత మంచుమందిరం.